వెనక్కి తిప్పే గైడ్‌కే నా డబ్బు

మా తమ్ముడు బుల్లెట్ బండి మీద ఒక్కడే లేహ్ దాకా వెళ్ళొచ్చిన మనిషి. హిమాలయాలకు గైడ్‌తో, గ్రూపుతో వెళ్తున్నానని చెప్పినప్పుడు వాడు అన్న మాట ఇది: "డబ్బు కట్టి మరీ గొర్రెల మందలో నడవడం ఎందుకక్కా? వాళ్ళు లేవమంటే లేవాలి, తినమంటే తినాలి, పడుకోమంటే పడుకోవాలి. అది సెలవెలా అవుతుంది?"

అప్పుడు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత రెండుసార్లు అలాగే వెళ్ళొచ్చాను. ఒకసారి శిఖరం ఎక్కాను. రెండోసారి కనుమ, అంటే కొండల మధ్య దాటే దారి, ఇంకో నాలుగు వందల అడుగులు ఉందనగా గైడ్ నన్ను వెనక్కి పంపేశాడు. శిఖరం ఎక్కిన ట్రిప్పుకు పెట్టిన డబ్బు దండగ అని ఈ రోజుకీ అనుకుంటాను. వెనక్కి వచ్చిన ట్రిప్పులో మాత్రం ప్రతి రూపాయికీ విలువ దక్కింది. ఎందుకో చెప్తాను.

మొదటిది కేదార్‌కంఠ. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ అనే ఊరి నుంచి నడక మొదలవుతుంది. శిఖరం ఎత్తు 12,500 అడుగులు. మొదటిసారి మంచులో నడవాలని ఎవర్ని అడిగినా దాని పేరే చెప్తారు, నేనూ అలాగే డిసెంబరులో వెళ్ళాను. మా బ్యాచ్‌లో 38 మందిమి, గైడ్‌లు ఇద్దరు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. శిఖరం కింద ఆఖరి క్యాంపుకు చేరిన సాయంత్రమే నాకు తలనొప్పి మొదలైంది. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, చెప్తే ఆపేస్తారేమోనని భయం. రాత్రి రెండున్నరకు లేపారు. ముందు నడిచేవాళ్ళ మడమల మీద పడే హెడ్‌ల్యాంప్ వెలుతురు తప్ప దారి పొడవునా నాకేమీ కనపడలేదు. కాస్త ఆగితే చాలు, "చలో చలో, సూర్యోదయం మిస్సయిపోతారు" అని వెనక నుంచి కేక.

పైకి చేరాను. జెండా పట్టుకుని నవ్వుతున్న ఫోటో ఉంది నా దగ్గర. ఆ ఫోటో ఎప్పుడు తీశారో నాకు గుర్తు లేదు. స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాలు ఎంత స్పష్టంగా కనిపించాయో మిగతావాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. దిగేటప్పుడు రెండుసార్లు వాంతి అయింది. కిందికి వచ్చేకొద్దీ తలనొప్పి దానంతటదే పోయింది.

ఇంటికొచ్చాక తెలిసిన డాక్టరుగారితో మాట్లాడితే ఆయన దాన్ని ఏఎంఎస్ (అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్) అంటారని చెప్పారు. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడకముందే ఇంకా పైకి పోతే వచ్చేది. పన్నెండున్నర వేల అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదాంట్లో సుమారు 63 శాతమే. తలనొప్పికి తోడు వికారమో, తిండి సహించకపోవడమో, విపరీతమైన నీరసమో, కళ్ళు తిరగడమో ఉంటే ఇంకో అడుగు పైకి వేయకూడదట. ముదిరితే కిందికి దిగడమే మందు. అప్పటికీ దిగకపోతే మెదడు వాస్తుంది, లేదా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రెండూ ప్రాణం తీసేవే. వయసులో ఉన్నారనో, రోజూ జిమ్‌కు వెళ్తారనో ఇది ఎవరినీ వదలదు.

అది విన్నాక చాలా కోపం వచ్చింది. విజయవాడ మనిషిని, మాకు ఇంద్రకీలాద్రే పెద్ద కొండ. నాకు తెలియకపోవచ్చు, తెలియకే దాచుకున్నాను. తెలిసినవాళ్ళు, అందుకోసమే డబ్బు తీసుకున్నవాళ్ళు ఒక్క మాట అడగాలి కదా? "తల నొప్పిగా ఉందా? రాత్రి అన్నం తిన్నారా?" ఈ రెండు ప్రశ్నలు వేయడానికి ఎంతసేపు పడుతుంది? 38 మందికి ఇద్దరైతే అంత టైము కూడా దొరకదని తర్వాత అర్థమైంది.

నిజానికి గుంపుగా కొండెక్కడం మనకేం కొత్త కాదు. అలిపిరి దారి చూడండి. 3,550 మెట్లు. ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. మోకాళ్ళ పర్వతం దగ్గర నాయనమ్మ కూలబడితే అందరూ కూర్చుంటారు. ఒకరు మజ్జిగ తెస్తారు, ఒకరు కాళ్ళు పడతారు. ముసలావిణ్ణి మెట్ల మీద వదిలేసి ముందు దర్శనానికి పోయే కుటుంబాన్ని నేనైతే చూడలేదు. గోవింద నామం చెప్పుకుంటూ, అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి నడకే అందరి నడకగా పైకి చేరతారు. నేను గ్రూప్ ట్రెక్ నుంచి కోరేది ఇదే. గుంపుకు అర్థం అదేనని నమ్ముతాను.

రెండోసారి వెళ్ళింది 2023 అక్టోబరులో, కువారీ పాస్‌కు. ఇది శిఖరం కాదు, కనుమ. ఎత్తు ఇంచుమించు అదే, 12,500 అడుగులు. ఈసారి డబ్బు కట్టేముందే వాళ్ళు నన్ను పరీక్షించారు. డాక్టరు సర్టిఫికెట్ అడిగారు. ఐదు కిలోమీటర్లు ఎంతసేపట్లో పూర్తి చేస్తానో ఫోన్ యాప్‌లో రికార్డు చేసి పంపమన్నారు. రెండు నెలలు మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగాను, ఒక ఆదివారం ఆరు కిలోల బ్యాగుతో అలిపిరి ఎక్కాను. బ్యాచ్ 14 మందిమి. గైడ్‌లు ముగ్గురు, ముందొకరు, మధ్యలో ఒకరు, చివర ఒకరు. పెద్ద గైడ్‌కు యాభై దాటి ఉంటాయి, జోషీమఠ్ దగ్గరి పల్లె ఆయనది. గఢ్వాలీలో అన్నయ్యను భైజీ అంటారట, మేమూ అలాగే పిలిచాం. నన్ను ఆయన దీదీ అనేవాడు.

రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రయాణం, దేవప్రయాగ దాకా గంగ పక్కన, ఆ తర్వాత అలకనంద పక్కన. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, పంచ ప్రయాగల్లో నాలుగు ఆ ఒక్క దారిలోనే వస్తాయి. జోషీమఠ్‌లో మాత్రం మాటలు ఆగిపోయాయి. ఆ ఏడాది జనవరిలోనే ఊరు కుంగి ఎనిమిది వందలకు పైగా ఇళ్ళు బీటలు వారాయి. కొన్ని గోడల మీద ఎర్ర రంగుతో వేసిన క్రాస్ గుర్తులు మేం వెళ్ళేనాటికీ అలాగే ఉన్నాయి. ఒక ఇంటికి ఆ గుర్తు ఉంది, దాని పక్కనే తీగ మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి.

మర్నాడు ఢాక్ అనే పల్లె నుంచి నడక. గంట ఎక్కాక భైజీ ఆగి, కింద ధౌలీగంగ లోయలో తపోవన్ వైపు చెయ్యి చూపించాడు. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగలో వరద వచ్చి జలవిద్యుత్ ప్రాజెక్టు పనుల్ని తుడిచిపెట్టింది అక్కడే. చనిపోయినవాళ్ళు, ఆచూకీ తెలియనివాళ్ళు కలిపి రెండు వందల మందికి పైనే. వాళ్ళలో తనతో చదువుకున్నవాళ్ళు ఉన్నారని చెప్పాడు. ఇంకా పైన రైణీ ఊరు. 1974లో చెట్లు నరకడానికి వచ్చినవాళ్ళకు గౌరాదేవి, ఆ ఊరి ఆడవాళ్ళు అడ్డం నిలబడింది అక్కడే. ఆ చిప్కో ఉద్యమం గురించి స్కూల్లో చదువుకున్నాను. ఆ అడవిని ఆ లోయ మనిషి వేలు పెట్టి చూపిస్తుంటే నిలబడి చూడడం వేరు. ఒక్కదాన్నే వెళ్ళి ఉంటే అదొక అందమైన లోయ అనుకుని ఫోటో తీసుకుని ముందుకు పోయేదాన్ని.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. రెండో రోజు ఖుల్లారా క్యాంపు చేరగానే ఎదురుగా ద్రోణగిరి. 7,066 మీటర్లు. సంజీవని కోసం ఆంజనేయస్వామి పెకలించుకు పోయిన పర్వతం ఇదేనని అక్కడివాళ్ళ నమ్మకం. తమ కొండను ముక్క చేసి తీసుకెళ్ళాడని ద్రోణగిరి ఊళ్ళో ఆయనకు పూజ చేయరట. మంగళవారం మంగళవారం గుడికి వెళ్ళి వడమాల వేయించే ఇంట్లో పుట్టిన నేను ఆ మాట విని చాలాసేపు ఏమీ అనలేకపోయాను. మనం లక్ష్మణుడి వైపు నుంచి విన్న కథ అది. కొండ పోగొట్టుకున్నవాళ్ళ వైపు నుంచి ఎప్పుడూ వినలేదు.

ఇక భైజీ నోటు పుస్తకం గురించి. రోజూ రెండు పూటలా భైజీ అందర్నీ భోజనాల టెంట్‌లో కూర్చోబెట్టేవాడు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి అంకె రాసుకునేవాడు. తర్వాత ప్రశ్నలు, ప్రతి మనిషికీ అవే. తలనొప్పి ఉందా? పదిలో ఎంత? నిద్ర పట్టిందా? ఎన్ని నీళ్ళు తాగారు? రాత్రి ఎన్ని రొట్టెలు తిన్నారు? గీతలు గీసిన మామూలు స్కూలు పుస్తకం, అట్ట చిరిగి ఉంది. మొదటి రోజు నా ఆక్సిజన్ 94. ఖుల్లారాలో రాత్రి 88. కనుమ ఎక్కే రోజు పొద్దున 85, తలనొప్పి పదిలో ఒకటి. ఆయన కాసేపు ఆలోచించి, "రండి, కానీ నా వెనకే నడవాలి. నేను ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలి" అన్నాడు.

ముందు రాత్రి పల్చగా మంచు కురిసింది. భైజీ అడుగులు చాలా చిన్నవి. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళను దాదాపు ఆనుకునేలా, ఆగకుండా, తొందర లేకుండా వేస్తాడు. ఆయన బూటు గుర్తులోనే నా బూటు పెడుతూ నడిచాను. మూడు గంటలు నడిచాక ఒక చదునైన చోట అందరం ఆగాం. నన్ను పక్కకు పిలిచి, మడమకు వేళ్ళు ఆనిస్తూ పది అడుగులు తిన్నగా నడవమన్నాడు. తూలకుండా నడిచాను. తలనొప్పి ఎంత అన్నాడు. మూడు అన్నాను. నిజం చెప్పాను ఈసారి. అప్పుడాయన చెయ్యి చాపి, "మీ టిఫిన్ డబ్బా ఇవ్వండి" అన్నాడు.

మూత తీశాడు. పొద్దున పెట్టిన రెండు ఆలూ పరాఠాలూ అలాగే ఉన్నాయి. గుడ్డు కూడా ఒలవలేదు.

"దీదీ, పైకి ఇంకో గంట. అక్కడి నుంచి క్యాంపుకు దిగడానికి మూడు గంటలు. ఆ నాలుగు గంటలకు సరిపడా తిండి మీ కడుపులో లేదు. మీరు దిగుతున్నారు."

వాదించాను. ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు మెట్లెక్కాను, మళ్ళీ సెలవు దొరకదు, నెమ్మదిగా వస్తాను అని ఏవేవో చెప్పాను. ఆయన అడ్డు రాకుండా పూర్తిగా విన్నాడు. తర్వాత చివర నడిచే కుర్రాణ్ణి పిలిచి, నా బ్యాగు వాడి భుజానికి తగిలించాడు. నన్ను తిట్టలేదు, పదిమందిలో తక్కువ చేయలేదు. మిగతావాళ్ళకు కూడా మామూలుగా, "దీదీ ఇక్కడి నుంచి దిగుతున్నారు" అని ఒక్క మాట చెప్పాడంతే.

ఆ దిగడం నాకు రాయి రాయీ గుర్తుంది. గడ్డి పోచల మీద మంచు ఎండకు కరిగి చుక్కలు కట్టడం, పొదల్లోంచి నెమలి రంగులన్నీ పూసుకున్న పక్షి ఒక్కసారిగా లేవడం. "మోనాల్" అని గుసగుసగా చెప్పాడు కుర్రాడు, అది వాళ్ళ రాష్ట్ర పక్షి. ఒక బండ పక్కన ఎండ పడేచోట కూర్చోబెట్టి ఫ్లాస్కులోంచి టీ పోశాడు. కాసేపటికి నాకు ఆకలేసింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి. చల్లబడి గట్టిపడిన ఆ పరాఠాను, విజయవాడ నుంచి తెచ్చుకున్న ఆవకాయతో సగం సగం తిన్నాం. వాడికి కారం ఎక్కువై ముక్కు ఎర్రబడింది, అయినా ఇంకో ముక్క అడిగాడు. ఎదురుగా ద్రోణగిరి మీద ఎండ మెల్లగా కదులుతోంది. ఖుల్లారా చేరేసరికి తలనొప్పి లేదు.

సాయంత్రం మిగతావాళ్ళు దిగొచ్చారు. మాలో గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్ గారు ఉన్నారు, 61 ఏళ్ళు. ఆయన కనుమ దాకా వెళ్ళారు. నా పక్కన కూర్చుని, "అమ్మా, నందాదేవి శిఖరం ఎలా ఉందో చెప్తాను విను" అని మొదలుపెట్టి, కళ్ళు మూసుకుని అరగంట చెప్పారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను. లేవమంటే లేవడం, తినమంటే తినడం స్వేచ్ఛ ఎలా అవుతుందని కదా వాడన్నది. ఎత్తుకు వెళ్ళాక మొదట దెబ్బతినేది మన తెలివే. బాగానే ఉన్నాననిపిస్తుంది, ఇంకాస్తే కదా అనిపిస్తుంది. ఆ స్థితిలో నా నిర్ణయం నేను తీసుకోవడం స్వేచ్ఛ అనుకోను. పైగా ఇంట్లో రేపేం వండాలి, గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలి, ఆఫీసులో ఏ ఫైలు పంపాలి అని రోజంతా నిర్ణయాలే తీసుకునే మనిషిని. ఆరు రోజులు దారి, తిండి, వాతావరణం ఇంకొకరు చూసుకుంటుంటే నాకు కళ్ళు మిగిలాయి, చెవులు మిగిలాయి. నాకు సెలవంటే అదే.

కొండల్లో ఒంటరితనం అనేది కూడా చాలావరకు చెప్పుకునే మాటే. 1934లో షిప్టన్, టిల్మన్ అనే బ్రిటిష్ పర్వతారోహకులు నందాదేవి చుట్టూ కొండలు కోటలా మూసిన లోయలోకి దారి వెతుకుతూ వెళ్ళింది ఇదే కువారీ కనుమ మీదుగా. ఇద్దరే వెళ్ళారని గొప్పగా చెప్తారు. వాళ్ళతో ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలు ఉన్నారు. 2014లో మన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కితే దాని వెనక భువనగిరి బండల మీద శిక్షణ ఉంది, డార్జిలింగ్‌లో నేర్చుకున్నది ఉంది, తనతో పాటే ఎక్కిన ఆనంద్ కుమార్ పక్కనే ఉన్నాడు. పక్కన మనుషులు ఉన్నంత మాత్రాన పూర్ణ చేసింది చిన్నదైపోలేదు.

అలాగని గైడ్ ఉంటే చాలు, ఏమీ కాదు అనడం లేదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్ దారిలో మంచు తుఫానులో 22 మంది బృందం చిక్కుకుంది. ఎక్కువమంది కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళు. వాళ్ళకూ గైడ్‌లు ఉన్నారు, అయినా తొమ్మిది మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నిద్రపట్టలేదు. వాతావరణం ముందు ఎంత అనుభవమైనా ఒక్కోసారి ఓడిపోతుంది. అందుకే వెనక్కి తిరగడం అనేది ఓటమి కాకుండా, ప్లాన్‌లో మొదటి నుంచీ ఉండే ఒక మామూలు విషయం కావాలని ఇంతగా పట్టుబడుతున్నాను. శిఖరం గ్యారంటీ అని బోర్డు పెట్టి డబ్బు తీసుకున్న మనిషి, పైకి వెళ్ళాక వెనక్కి పదండని ఎలా అంటాడు? అంటే రివ్యూలో ఒక్క స్టార్ ఇచ్చేది కూడా మనమే. భైజీ ఆ రోజు నా ఏడుపు చూసి జాలిపడి సరే అనకుండా ఉండడానికి ఎంత ధైర్యం కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

బ్యాచ్‌లో మనుషుల లెక్క గురించి కూడా గట్టిగా అడగాలి. కొండ మీద పచ్చిక మైదానాల్ని అక్కడ బుగ్యాల్ అంటారు. జనం ఎక్కువై అవి పాడైపోతున్నాయని 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్‌లో రాత్రి బస చేయడాన్నే నిషేధించింది. టెంటు కింద వారం రోజులు నలిగిన గడ్డి మళ్ళీ లేవడానికి అక్కడ దొరికే వేసవి చాలా చిన్నది. 38 మంది బ్యాచ్‌లో నా తలనొప్పి ఎవరికీ పట్టలేదు, ఆ గడ్డి కూడా ఎవరికీ పట్టలేదు. రెండింటికీ కారణం ఒక్కటే.

ఇంకొక్క మాట, డబ్బు గురించే. ఆఖరి రోజు ఔలీలో దిగాక మేమంతా తలా కొంత వేసి టిప్పు పోగుచేశాం. గైడ్‌లకు ఇచ్చి, గ్రూప్ ఫోటో దిగి, చప్పట్లు కొట్టుకున్నాం. జీపు ఎక్కబోతుంటే కంచరగాడిదల మనిషి దూరంగా తాళ్ళు చుట్టుకుంటూ కనిపించాడు. ఆరు రోజులు మా టెంట్లు, గ్యాస్ సిలిండర్, బియ్యం మోయించింది ఆయన. ఫోటోలో లేడు. టిప్పులో ఆయన వాటా ఎంత అని ఎవరమూ అడగలేదు. వంటమనిషి తెల్లవారుజామున మూడున్నరకు లేచి మాకు పరాఠాలు చేశాడు, ఆయనకూ అంతే. లెక్చరర్ గారు, నేను వెనక్కి వెళ్ళి విడిగా ఇచ్చొచ్చాం. ఇది దానం కింద లెక్క కాకూడదు. ఎవరికి రోజు కూలి ఎంత, ఇన్సూరెన్స్ ఉందా, వాళ్ళకు చలికి సరైన బూట్లు ఉన్నాయా అని బుకింగ్ రోజే అడగాల్సిన విషయం. మన బ్యాగు బరువు పది కిలోలు దాటకూడదని వాళ్ళు మనకు రూలు పెడతారు కదా, మనమూ వాళ్ళకు కొన్ని పెట్టవచ్చు.

ఈ అక్టోబరుకు హర్ కీ దూన్ వెళ్దామనుకుంటున్నాను. శిఖరం లేని ట్రెక్ అది, లోయ పొడవునా నడక. పోయిన వారం మూడు చోట్లకు ఫోన్ చేసి అందర్నీ ఒకటే అడిగాను: "పోయిన సీజన్‌లో ఎంతమందిని మధ్యలోంచి వెనక్కి పంపారు?" మొదటి చోట, "అలాంటిదేం ఉండదు మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ అందర్నీ తీసుకెళ్తాం" అన్నారు. రెండో చోట ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా డిస్కౌంట్ గురించి చెప్పారు. మూడో చోట ఫోన్ ఎత్తిన అమ్మాయి, "ఒక్క నిమిషం ఆగండి, గైడ్ పుస్తకం చూసి చెప్తాను" అని వెళ్ళింది. నాలుగు నిమిషాలు లైన్లో ఉన్నాను.

అడ్వాన్సు అక్కడ కట్టాను.